క్యాంపర్ బ్యాటరీకి ఇంట్లో కట్టుకునే ఛార్జర్: ఎస్పీ రోడ్డు సామాన్లతో మొదటి నుంచి చివరి దాకా

బెంగళూరు మారతహళ్లిలో మేముండే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో, లోపలే పడుకుని తిరిగేలా క్యాంపర్‌గా మార్చుకున్న పాత వ్యాను ఒకటి ఉంటుంది. లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, గండికోట... రెండు రోజులు సెలవు దొరికితే చాలు, పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరతాం. లోపల చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు, నీళ్ల పంపు అన్నీ 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ పట్టే ఛార్జ్) ట్యూబ్యులర్ బ్యాటరీ (ఇళ్లలో ఇన్వర్టర్లకు పెట్టే లెడ్ యాసిడ్ రకం) ఒక్కదాని మీదే నడుస్తాయి. మొదటి బ్యాటరీ పద్నాలుగు నెలలకే పోయింది. హిందూపురంలో మోటార్ల వైండింగ్ షాపు నడిపే మా బాబాయి దగ్గరికి తీసుకెళ్తే, మూతలు విప్పి టార్చి వేసి చూశాడు. నీళ్లు అడుగంటి, ప్లేట్లు సగం దాకా బయటపడి ఉన్నాయి.

"ఇది ముసలిదై పోలేదురా, ఎండబెట్టి చంపినావు. ఏ ఛార్జరు పెట్టినావు?" అన్నాడు.

డబ్బా మీద ఆటోమేటిక్ అని రాసి ఉన్న రెడీమేడ్ ఛార్జర్ అది. బాబాయి నాలుగు స్క్రూలు విప్పి లోపల చూపించాడు. ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే ఒక బ్రిడ్జి రెక్టిఫైయర్, ఒక ఫ్యూజు. బ్యాటరీ నిండిందో లేదో చూసే భాగమే లేదు. రాత్రంతా వదిలేస్తే పొద్దునకి బ్యాటరీ మీద 15.6 వోల్టులు ఉండేది. ఆ అంకె నేను మీటరులో చాలాసార్లు చూశాను కానీ దాని అర్థం తెలియలేదు. కొత్త బ్యాటరీ కొన్నాక ఛార్జర్ మాత్రం నేనే కట్టాలని కూర్చున్నాను. అదే వాడుతున్నాను, అదే ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే. ఇందులో 230 వోల్టుల పని కొంత ఉంది. ఇంట్లో స్విచ్ బోర్డు విప్పి వైరింగ్ చేసుకున్న అలవాటు మీకు లేకపోతే, ఆ భాగం వరకు ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని చేయండి.

బ్యాటరీ ఏం అడుగుతుంది

లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి. ఛార్జింగ్‌లో ఒక్కో సెల్లు 2.4 వోల్టులకు, అంటే మొత్తం 14.4 వోల్టులకు చేరేసరికి లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోవడం జోరందుకుంటుంది. ఆ గీత దాటి గంటల తరబడి తోస్తే నీళ్లు ఎండిపోతాయి. అసలు ఆ గీత దాకా తీసుకెళ్లకుండా 13.5 దగ్గరే ఆపేస్తూ పోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, బ్యాటరీ పట్టే ఛార్జ్ నెలనెలా తగ్గిపోతుంది. నా మొదటి బ్యాటరీ మొదటి రకంగా చచ్చింది. క్యాంపర్ వాళ్ల బ్యాటరీలు ఎక్కువగా రెండో రకంగా చస్తాయి, ఎందుకంటే ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ మీద రెండు గంటలు నడిపి నిండిపోయిందనుకుంటాం.

కాబట్టి ఛార్జింగ్ మూడు దశల్లో జరగాలి. మొదట కరెంటును ఒక హద్దు దాటకుండా కట్టేసి పంపాలి. ట్యూబ్యులర్‌కు ఏహెచ్‌లో పదో వంతు మంచి లెక్క, 100 ఏహెచ్‌కు 10 ఆంపియర్లు. వోల్టేజీ దానంతటదే మెల్లగా పైకి వస్తుంది. 14.4 చేరాక వోల్టేజీని అక్కడ కట్టేయాలి. అప్పటి నుంచి కరెంటు దానంతటదే దిగుతుంది. అది 2 ఆంపియర్లకు, అంటే ఏహెచ్‌లో రెండు శాతానికి పడిపోతే బ్యాటరీ దాదాపు నిండినట్టే. ఆ తర్వాత 13.6, 13.7 మధ్య నిలబెట్టి వదిలేయవచ్చు. దీన్నే ఫ్లోట్ అంటారు. సగం ఖాళీ అయిన 100 ఏహెచ్ బ్యాటరీకి మొదటి దశ మూడున్నర, నాలుగు గంటలు, రెండో దశ మరో నాలుగైదు గంటలు పడుతుంది. రాత్రి పెడితే పొద్దునకి సరిపోతుంది. గోడ నుంచి సుమారు ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది.

ఈ అంకెలు 27 డిగ్రీల దగ్గర చెల్లుతాయి. ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగితే 12 వోల్టుల బ్యాటరీకి సుమారు 0.024 వోల్టు తగ్గించాలి. బెంగళూరు డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలుంటే 14.7 దాకా ఇవ్వాలి. గండికోటలో మే నెల ఎండకు వ్యాను లోపల బ్యాటరీ 42 డిగ్రీలకు వేడెక్కితే 14.05 చాలు. అక్కడ 14.4 ఇస్తే అదే అంకె నీళ్లను మరిగించినట్టు తోడేస్తుంది. నేను మార్చి నుంచి జూన్ దాకా 14.2, మిగతా నెలల్లో 14.4 పెట్టుకుంటాను. ఏడాదికి రెండుసార్లు ఛార్జర్‌లో వోల్టేజీ స్క్రూ తిప్పడం పెద్ద పనేం కాదు.

సీల్డ్ ఏజీఎం బ్యాటరీ (యాసిడ్‌ను గాజు నార పీల్చి ఉంచే, మూత లేని రకం) అయితే 14.4 దాటనే వద్దు. పోయిన నీళ్లను మళ్లీ పోసే దారి దానికి లేదు. లిథియం బ్యాటరీకి ఈ డబ్బా వాడకండి, దానికి దాని బీఎంఎస్‌కు (లోపలి రక్షణ సర్క్యూట్‌కు) తగ్గ ఛార్జరే కొనండి.

ఏ పద్ధతిలో కట్టాలి

"మంచి ట్రాన్స్‌ఫార్మరు చుట్టిస్తా, జీవితాంతం ఉంటది" అన్నాడు బాబాయి. ఆయన మాట నిజమే, రాగి తీగ మోసం చేయదు. కానీ ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, కెపాసిటర్, ఆ పైన లీనియర్ రెగ్యులేటర్ వరుసలో 10 ఆంపియర్లు తీయాలంటే బరువు, వేడి రెండూ ఎక్కువ. 19 వోల్టుల నుంచి 14కు దించేటప్పుడు తేడా 5 వోల్టులు, 10 ఆంపియర్ల దగ్గర 50 వాట్లు ఊరికే వేడైపోతాయి. పైగా గోడ వోల్టేజీ ఊగితే అదీ ఊగుతుంది.

ఇంకో అడ్డదారి చాలామంది చెబుతారు: 12 వోల్టుల ఎస్ఎంపీఎస్ (గోడ ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లై) కొని, పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి 14.4కు పెంచేయడం. చాలా వాటిలో ఆ స్క్రూ 13.8 దగ్గరే ఆగుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. ఖాళీ బ్యాటరీ తగిలించగానే అది అడిగినంత కరెంటు ఇవ్వబోయి ఎస్ఎంపీఎస్ ఓవర్‌లోడ్‌లోకి వెళ్లి, ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగి కొట్టుకుంటూ ఉంటుంది. కరెంటును కట్టేసే భాగం తప్పనిసరిగా ఉండాలి.

నేను ఎంచుకున్నది 24 వోల్టుల ఎస్ఎంపీఎస్, దాని వెనక సీసీ (కరెంటును కట్టేసేది), సీవీ (వోల్టేజీని కట్టేసేది) రెండూ ఉన్న బక్ కన్వర్టర్ మాడ్యూలు. 24ను 14.4కు దించే పని మాడ్యూలుది. దాని మీద నీలం రంగులో రెండు చిన్న ట్రిమ్ పాట్‌లు (స్క్రూతో తిప్పి సర్దేవి) ఉంటాయి. ఒకటి వోల్టేజీని, రెండోది కరెంటును కట్టేస్తుంది.

కొనాల్సినవి

బెంగళూరు టౌన్ హాల్ దగ్గర జేసీ రోడ్డు, ఎస్పీ రోడ్డు పక్కపక్కనే. చిక్కపేట మెట్రోలో దిగి నడిచి వెళ్లవచ్చు. ఎలక్ట్రానిక్స్ ఎస్పీ రోడ్డులో, బ్యాటరీ లగ్గులు (తీగ చివర నొక్కే లోహపు కొసలు), కారు ఫ్యూజులు, పాత హెడ్‌లైట్ బల్బులు జేసీ రోడ్డులో దొరుకుతాయి. కన్నడ రాకపోయినా ఫరవాలేదు, తెలుగులో అడిగితే జవాబు తెలుగులోనే వచ్చే కౌంటర్లు చాలా ఉన్నాయి.

తీసుకోవాల్సినవి: 24 వోల్టులు, 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్. 20 ఆంపియర్లు, 300 వాట్లు అని రాసి ఉన్న సీసీ సీవీ బక్ మాడ్యూలు (రాసినదాంట్లో సగమే వాడాలన్నది నా నియమం). ఎంబీఆర్2045 లాంటి షాట్కీ డయోడు (కరెంటును ఒకవైపే పోనిస్తూ తక్కువ వోల్టు తినే రకం), వేడిని లాగే హీట్ సింక్, కరెంటు పారనివ్వని మైకా షీటు. కేబీపీసీ3510 బ్రిడ్జి రెక్టిఫైయర్ ఒకటి. 50 ఆంపియర్ల షంట్‌తో (కరెంటు కొలవడానికి తీగ దారిలో పెట్టే ముక్కతో) వచ్చే వోల్టు-ఆంపియర్ డిజిటల్ మీటరు. 16 ఆంపియర్ల మామూలు ఇంటి స్విచ్. 24 వోల్టుల చిన్న ఫ్యాను. బ్లేడు ఫ్యూజులు, హోల్డర్లు. 50 ఆంపియర్ల ఆండర్సన్ కనెక్టర్ (ప్లస్, మైనస్ తీగలను కలిపే ప్లగ్గు) జత. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఎరుపు, నలుపు. మూడు పిన్నుల ప్లగ్గు తీగ, గాలి రంధ్రాలున్న ఇనుప డబ్బా. మీ దగ్గర మల్టీమీటరు, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు ఉన్నాయనే అనుకుంటున్నాను. లేకపోతే ఛార్జర్ కంటే ముందు అవే కొనండి.

తీగ లావు విషయంలో పొదుపు వద్దు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ రాను పోను నాలుగు మీటర్లు వేస్తే 10 ఆంపియర్ల దగ్గర 0.3 వోల్టు తీగలోనే పోతుంది. 6 వేస్తే 0.12 మాత్రమే. ఛార్జింగ్‌లో 0.3 వోల్టు అంటే రెండో దశకు, ఫ్లోట్‌కు ఉన్న తేడాలో దాదాపు సగం.

కట్టడం

మొదటి పని: ఎస్ఎంపీఎస్ పక్కన 110/220 స్లైడ్ స్విచ్ ఉందేమో చూడండి. కొన్నిటికి ఉంటుంది. అది 110 మీద ఉండగా మన 230 ఇస్తే ఆ క్షణంలోనే పేలిపోతుంది. 220 వైపు తోసి, పైన టేపు అంటించేయండి.

రెండు: మూడు పిన్నుల తీగలో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ వరుసగా ఎస్ఎంపీఎస్ టెర్మినళ్లకు బిగించండి. ఎర్త్ తీగను ఇనుప డబ్బాకు కూడా కలపాలి. ఎర్త్ లేని ప్లగ్గులో పెడితే ఎస్ఎంపీఎస్ బాడీ ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా వచ్చే లీకేజీ అది, మొత్తం వ్యాను బాడీకి పాకుతుంది. ఊళ్లలో హోమ్‌స్టేల దగ్గర ఎర్త్ లేని సాకెట్లు నాకు చాలా తగిలాయి. అందుకే వ్యానులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచేసే స్విచ్) పెట్టుకున్నాను, ముందు సాకెట్ టెస్టర్‌తో ఎర్త్ చూసుకున్నాకే ఛార్జర్ పెడతాను. విప్పి పని చేసేటప్పుడు ప్లగ్గు తీసిన వెంటనే చేయి పెట్టకండి. ఎస్ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లలో 325 వోల్టుల డీసీ కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది.

మూడు: ఎస్ఎంపీఎస్ ప్లస్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు గుండా మాడ్యూలు ఇన్ ప్లస్‌కు, మైనస్ నుంచి ఇన్ మైనస్‌కు. ఇక్కడ తిరగేస్తే మాడ్యూలు కాలిపోతుంది, చాలా వాటికి రక్షణ ఉండదు. 24 వోల్టుల ఫ్యాను ఎస్ఎంపీఎస్ అవుట్‌పుట్‌కే కలిపి, గాలి మాడ్యూలు హీట్ సింక్ మీదుగా పోయేలా పెట్టండి.

నాలుగు: మాడ్యూలు అవుట్ ప్లస్ తర్వాత షాట్కీ డయోడు. ఇది ఎందుకంటే, రాత్రి కరెంటు పోతే బ్యాటరీ వోల్టేజీ మాడ్యూలులోకి వెనక్కి తన్నుకొస్తుంది. కొన్ని మాడ్యూళ్లు దాంతోనే కాలిపోతాయి, కాలనివి మెల్లగా బ్యాటరీని ఖాళీ చేస్తాయి. ఎంబీఆర్2045లో రెండు డయోడ్లు ఉంటాయి, రెండు ఆనోడ్లనూ (కరెంటు లోపలికి వచ్చే కాళ్లు) కలిపేయండి. మధ్య కాలు, వెనకున్న లోహపు రేకు రెండూ క్యాథోడే (కరెంటు బయటికి వెళ్లే వైపు). అందుకే హీట్ సింక్‌కు మధ్య మైకా షీటు, స్క్రూకు ప్లాస్టిక్ వాషరు వేయకపోతే హీట్ సింకంతా ప్లస్ అయిపోతుంది. 10 ఆంపియర్ల దగ్గర ఈ డయోడు సుమారు 5 వాట్లు వేడి చేస్తుంది. చిన్న రేకు ముక్క చాలదు, నిజమైన హీట్ సింక్ కావాలి.

ఐదోది నాకు చాలా ఇష్టమైన భాగం, ఫ్లోట్ స్విచ్. 14.4 నుంచి 13.7కు దిగడానికి మైక్రో కంట్రోలర్, రిలే సర్క్యూట్లు పెట్టవచ్చు. కానీ మామూలు సిలికాన్ డయోడు దానంతటదే 0.7 వోల్టు తినేస్తుంది కదా! కావాల్సిన తేడా సరిగ్గా అంతే. కేబీపీసీ3510లో ఒక ఏసీ కాలు నుంచి ప్లస్ కాలు దాకా ఒక డయోడు ఉంటుంది. షాట్కీ నుంచి వచ్చే తీగను ఆ ఏసీ కాలుకు, ప్లస్ కాలు నుంచి బయటికి వెళ్లే తీగను కలపండి. మిగతా రెండు కాళ్లు ఖాళీ. దాని బాడీ లోపలి తీగలకు తగలదు, కాబట్టి డబ్బాకు నేరుగా బోల్టు వేయవచ్చు. ఇప్పుడు తీగలు కలిపిన ఆ ఏసీ, ప్లస్ కాళ్ల మధ్య స్విచ్ పెట్టండి. స్విచ్ వేస్తే డయోడు పక్కనుంచి దారి దొరికి పూర్తి 14.4 వెళ్తుంది. తీసేస్తే డయోడు గుండా 13.7 వెళ్తుంది.

ఇంటి స్విచ్‌తో డీసీ తెంచితే నిప్పురవ్వ వస్తుందన్న టెన్షన్ వద్దు. స్విచ్ తీసినా కరెంటు ఆగదు, డయోడు గుండా పోతూనే ఉంటుంది. స్విచ్ కొసల మధ్య ఉండేది ఆ 0.7 వోల్టు మాత్రమే. ఈ ఏర్పాటు గీసి చూపిస్తే బాబాయి కాగితం చాలాసేపు చూసి, "ఇది బాగుండాది" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట తేలిగ్గా రాదు.

ఆరు: మీటరు షంట్ మైనస్ తీగలో వస్తుంది. మీటరు వోల్టేజీ తీగను బ్యాటరీ వైపు, అంటే డయోడ్లన్నీ దాటాక కలపండి. చివరగా ఆండర్సన్ కనెక్టర్. అది తిరగేసి పెట్టడానికి వీలుండదు. మొసలి క్లిప్పులు వద్దని గట్టిగా చెబుతాను. చీకట్లో ఒక్కసారి ప్లస్ మైనస్ మారితే బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు మాడ్యూలునూ డయోడునూ కలిపి కాల్చేస్తుంది.

ఏడు: బ్యాటరీ ప్లస్ నుంచి ఒక జానెడు లోపలే 15 ఆంపియర్ల ఫ్యూజు. ఛార్జర్ డబ్బాలో ఉన్న ఫ్యూజు దీనికి బదులు కాదు. మధ్యలో తీగ నలిగి బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు విసురుతుంది, తీగ ఎర్రబడి పరుపుకు అంటుకుంటుంది. లగ్గులు క్రింపింగ్ టూల్‌తోనే నొక్కించండి. జేసీ రోడ్డులో తీగ కొన్నచోటే నొక్కి ఇస్తారు.

సెట్ చేయడం

బ్యాటరీ తగిలించకముందే ఈ పని. ప్లగ్గు పెట్టి, మల్టీమీటరు మాడ్యూలు అవుట్ మీద ఉంచి, సీవీ పాట్ తిప్పుతూ 14.5కు తీసుకురండి. మొదట పది పదిహేను చుట్లు తిప్పినా అంకె కదలకపోవచ్చు. పాడైందనుకోకండి, అది చాలా చుట్లు తిరిగే పాట్.

కరెంటుకు పాత హెడ్‌లైట్ బల్బులు కావాలి. 55 వాట్ల ఫిలమెంటు ఒక్కొక్కటి సుమారు 5 ఆంపియర్లు తాగుతుంది. మూడు ఫిలమెంట్లు పక్కపక్కన కలిపి, ఇటుక మీద పెట్టి, అవుట్‌పుట్‌కు తగిలించండి. వాటికి 14 ఆంపియర్ల దాకా కావాలి. సీసీ పాట్‌ను మీటరులో 10 వచ్చేదాకా తగ్గించండి. బల్బుల వెలుగు మందగిస్తుంది, అంటే కరెంటు కట్టుబడింది. ఇలాగే గంటసేపు వదిలి, ప్లగ్గు తీసి, హీట్ సింక్‌లు ముట్టుకుని చూడండి. మూడు సెకన్లు చేయి ఆనించలేకపోతే గాలి చాలట్లేదని అర్థం. 75 ఏహెచ్ బ్యాటరీ అయితే 7.5కు, 150 ఏహెచ్‌కు కూడా ఈ డబ్బాతో 10కే పెట్టండి, కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

ఇక అసలైన సెట్టింగ్. బ్యాటరీ తగిలించి, స్విచ్ వేసి ఛార్జ్ కానివ్వండి. కరెంటు దిగుతూ 2 ఆంపియర్లకు వచ్చినప్పుడు, మల్టీమీటరు మొనలను నేరుగా బ్యాటరీ సీసం పోస్టుల మీద పెట్టి చదవండి. లగ్గు మీద కాదు, డబ్బా మీటరులో కాదు. అక్కడ 14.4 వచ్చేలా సీవీ పాట్ సరిచేయండి. మాడ్యూలు దగ్గర ఆ సమయానికి 14.8 లాంటి అంకె కనిపిస్తుంది, ఫరవాలేదు. ఎక్కువ కరెంటు దగ్గర డయోడు, తీగ ఇంకాస్త తింటాయి. దానివల్ల మధ్యలో ఛార్జింగ్ కొంచెం నెమ్మదిస్తుందే తప్ప బ్యాటరీకి నష్టం లేదు. చివర్లో సరిగ్గా ఉండాలి, చివర్లోనే చూసి పెట్టాలి.

వాడేటప్పుడు

తగిలించేటప్పుడు ముందు ఆండర్సన్, తర్వాత గోడ ప్లగ్గు. తీసేటప్పుడు ముందు గోడ ప్లగ్గు. ఈ వరుస తప్పితే కనెక్టర్ దగ్గర చిటుక్కుమని రవ్వ వస్తుంది. రెండో దశ చివర బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంటుంది. గాలిలో అది 4 శాతం చేరితే అంటుకుంటుంది. బ్యాటరీ పెట్టెకు పైభాగంలో బయటికి పోయే గొట్టం ఉండాలి, ఎందుకంటే హైడ్రోజన్ పైకే పోతుంది. ఛార్జర్ డబ్బా ఆ పెట్టెలో పెట్టనే వద్దు. వ్యానులో పడుకుని ఉన్నప్పుడు ఒక కిటికీ తీసి ఉంచుతాం.

ఫ్లోట్‌కు మార్చే పని ఈ ఛార్జర్‌లో మనిషిదే. మరిచిపోయే వాళ్లు గోడ ప్లగ్గుకు టైమరు సాకెట్ తగిలించి 9 గంటల తర్వాత ఆగేలా పెట్టుకోండి. మా ఇంట్లో అదే ఏర్పాటు. వ్యాను నెలల తరబడి కదలకపోతే మాత్రం స్విచ్ తీసి ఫ్లోట్ మీద వదిలేస్తాను. వోల్టేజీ నెలకోసారి మల్టీమీటరుతో చూడండి, పాట్‌లు కొద్దిగా జరుగుతుంటాయి.

నిండిందా లేదా అన్నది చివరికి హైడ్రోమీటరే తేల్చాలి. చాలామంది 12.7 వోల్టులు రాలేదని కంగారుపడతారు. ఆ అంకె కారు బ్యాటరీది. ట్యూబ్యులర్‌లో యాసిడ్ పలచగా ఉంటుంది, నిండినప్పుడు గ్రావిటీ (నీటితో పోల్చిన యాసిడ్ సాంద్రత) 1.240 దగ్గర. దానికి 0.84 కలిపి ఆరుతో గుణిస్తే 12.5 వస్తుంది. ఛార్జర్ తీసి నాలుగైదు గంటలు ఆగాక 12.5 ఉంటే మీ బ్యాటరీ నిండినట్టే. సగానికి దిగితే అదే లెక్కన 12.1 ప్రాంతంలో ఉంటుంది. నేను అంతకంటే కిందికి వాడను. ఆరు సెల్లుల మధ్య 0.030 కంటే ఎక్కువ తేడా కనిపిస్తే, మరుసటి వారం అదే ఛార్జింగ్‌ను 14.4 దగ్గర ఇంకో మూడు గంటలు పొడిగించి మళ్లీ చూడండి.

డిస్టిల్డ్ వాటర్ పోయాల్సింది ఛార్జింగ్ అయిపోయాక. ఛార్జ్ అవుతుంటే లోపలి మట్టం పైకి వస్తుంది, ముందే నింపితే యాసిడ్ మూతల్లోంచి పొంగి ట్రే తినేస్తుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత వరకే ముందు పోసి, మిగతాది తర్వాత. కొత్త ఛార్జర్ పెట్టినప్పటి నుంచి ప్రతి నెలా ఎన్ని మిల్లీలీటర్లు పోశానో వ్యాను తలుపు లోపల మార్కర్‌తో రాసుకుంటున్నాను. పాత ఛార్జర్ రోజుల్లో లీటరు సీసా నెలలోపే అయిపోయేది. ఇప్పుడు అదే సీసా ఏప్రిల్‌లో తెరిచింది, ఇంకా సగం ఉంది.